నీళ్ళు దొరికే దూరం

మా సీమలో 'పరుగెత్తడం' అన్నది పుస్తకాల్లోని మాట. నోట్లో ఆడే మాట 'ఉరకడం'. ఈ ఉరుకుకు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. బస్సు కోసం ఉరుకుతారు. నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే బిందెలు పట్టుకొని ఉరుకుతారు. మబ్బు కమ్మిందంటే కళ్ళంలో ఆరబోసిన బుడ్డల మీద పట్ట కప్పడానికి ఉరుకుతారు. కారణం లేకుండా ఉరికేవాడు కనబడితే దొంగ అనో మతి చలించినవాడనో అనుకోవడం ఇక్కడ సహజం. నలభై ఒకటో ఏట, కర్నూలులో, తెల్లవారుజామున నిక్కరు తొడుక్కొని రోడ్డెక్కిన నన్ను మోకాళ్ళకన్నా, ఊపిరికన్నా ముందు నిలదీసింది ఈ కారణమే.

నిజానికి కారణం లేకపోలేదు. 2016 లో చేయించుకున్న రక్తపరీక్షలో పరగడుపు చక్కెర 118 అని తేలింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.2. "ఇంకా గీత దాటలేదు, అంచు మీద నిలబడ్డారు" అన్నారు డాక్టరుగారు. ఆ గీత దాటిన మనిషిని నేను ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాను. మా నాయన కుడికాలి వేళ్ళు రెండు అంతకు రెండేళ్ళ ముందే తీసేశారు. జీవితమంతా నడిచిన మనిషి గుమ్మం దాకా పోవడానికి గోడ పట్టుకుంటుంటే చూస్తూ అన్నం తినడం అంత సులువైన పని కాదు.

నాయన కె.సి. కెనాల్ మీద లస్కరుగా పనిచేశాడు. ఈ కాలువ సంగతి ఎరగని వారికోసం నాలుగు మాటలు. కె.సి. అంటే కర్నూలు-కడప. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై, కర్నూలు ఊళ్ళోంచి సాగి, నంద్యాల మీదుగా కడప దాకా పోయే సుమారు 306 కిలోమీటర్ల కాలువ. 1863 లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఒక ప్రైవేటు సంస్థ దీన్ని తవ్వడం మొదలుపెట్టింది. సాగుకూ, పడవల రాకపోకలకూ కలిపి తవ్విన కాలువ ఇది. కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882 లో ప్రభుత్వమే కొనుక్కుంది. ఈ మధ్యలోనే, 1876-78 ల మహాక్షామంలో, ఈ జిల్లాల జనం గంజి కోసం ఎన్ని మైళ్ళు నడిచారో లెక్కపెట్టినవాళ్ళు లేరు.

లస్కరు పని కాలువ కట్ట మీద నడవడం. తూములు తెరవాలి, మూయాలి. ఎవరన్నా దొంగచాటుగా కట్టకు కన్నం వేస్తే కనిపెట్టాలి. ఎలుకబొరియ పెద్దదై గండి పడకముందే పూడ్చాలి. నాయన బీటు నాలుగు మైళ్ళు. పోను రాను ఎనిమిది. పైర్లకు తడి అందించే రోజుల్లో రాత్రిపూట టార్చిలైటు, పార పట్టుకొని మరోసారి. వెరసి పదహారు మైళ్ళు, అనగా 25 కిలోమీటర్ల పైచిలుకు. హాఫ్ మారథాను 21 కిలోమీటర్లు మాత్రమే. దాన్ని నేను మూడేళ్ళ సాధన తర్వాత పూర్తిచేసి, మెడలో పతకం వేయించుకొని ఇంటికొస్తే, టైరు చెప్పులతో ముప్ఫై ఏళ్ళు అంతకంటె ఎక్కువ నడిచిన మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఏంటికిరా ఈ ఉరుకు? ఎవరన్నా తరుముతున్నారా?" అనడంలో తప్పేమీ నాకు కనబడలేదు.

వరుస తప్పి ముందుకు పోయాను. మొదటికి వస్తాను.

మా ఊళ్ళో నాకు తెలిసిన పరుగు 'టూకే రన్' ఒక్కటే. ఫలానా దినోత్సవం, ఫలానా అవగాహన సదస్సు అనగానే టూకే రన్ ఒకటి ఉంటుంది. అధికారి జెండా ఊపుతారు. ముందు వరుసలో బ్యానరు పట్టుకున్నవాళ్ళు ఫొటో దాకా నడుస్తారు. ఫొటో అయ్యాక వెనకనున్న బడిపిల్లలు మాత్రం ప్రాణం పెట్టి ఉరుకుతారు. నేనూ ఆ పిల్లల వెనకాలే మొదలుపెట్టాను. ఆ రెండు కిలోమీటర్లలో మూడుసార్లు ఆగాను. అప్పటినుంచి అవుట్‌డోర్ స్టేడియంలో రోజూ పొద్దున నడక, మధ్యలో ఒక్కొక్క చుట్టు పరుగు. ఆరు వారాలకు ఆగకుండా రెండు కిలోమీటర్లు, నాలుగు నెలలకు అయిదు. 2017 లో హైదరాబాదు వెళ్ళి టెన్‌కే రన్‌లో గంటా పదకొండు నిముషాలు. మరుసటేడు ఆగస్టులో అక్కడే హాఫ్ మారథానుకు పేరిచ్చాను. మడమ నొప్పితో దానికి పోలేకపోయాను. 2019 ఆగస్టు 25 న పూర్తిచేశాను, 2 గంటల 38 నిముషాలు. నెక్లెస్ రోడ్డు దగ్గర బయలుదేరి గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ దారి నిండా ఎక్కుడు దిగుడులే. ఫ్లైఓవరు మీద కారులో పోయేటప్పుడు దాని ఎత్తు మనకు తెలియదు.

ఈ అంకెలు పెద్దవేమీ కావని నాకు తెలుసు. శివనాథ్ సింగ్ అనే సైనికుడు 1978 లో జలంధరులో పూర్తి మారథానును 2 గంటల 12 నిముషాలకు ముగించాడు. భారతదేశపు రికార్డుగా అది నలభై ఏళ్ళకు పైగా నిలిచింది. ఆయన తరచుగా వట్టికాళ్ళతో పరుగెత్తేవాడట. నేను అందులో సగం దూరానికి అంతకంటె ఎక్కువ సమయం తీసుకున్నాను, అదీ ఆరువేల రూపాయల బూట్లతో. (బూట్ల ధర నాయనకు ఇప్పటికీ చెప్పలేదు. పన్నెండు వందలు అన్నాను.) కాకపోతే రక్తపరీక్షలో అంకె మాత్రం 118 నుంచి 97 కు దిగింది. నాకు ముఖ్యమైన పోటీ అదే.

ఆ ఏడాది చివర కడపకు బదిలీ అయింది. పరుగు విషయంలో నా అసలు చదువు అక్కడే మొదలైంది.

కడప చుట్టూ కొండలు. పాలకొండలకు పగలంతా కాగిన వేడి రాత్రికి కూడా పూర్తిగా దిగదు. ఏప్రిల్‌లో తెల్లవారుజామున అయిదింటికే గాలి వెచ్చగా ముఖానికి తగులుతుంది. విచిత్రమేమిటంటే చెమట కనబడదు. పుట్టిన చెమట పుట్టినట్టే ఆవిరైపోతుంది. ఒళ్ళు పొడిగానే ఉంటుంది కనుక మనకేమీ కానట్టే అనిపిస్తుంది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపు మీద తెల్లటి ఉప్పుచారలు, సముద్రం వెనక్కు తగ్గిన జాడల్లాగా.

ఈ లెక్క నన్ను చాలా రోజులు పట్టుకుంది. మనిషి పరుగెత్తితే ఒక్కొక్క కిలో బరువుకు, ఒక్కొక్క కిలోమీటరుకు, దాదాపు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి ఇరవై కిలోమీటర్లకు 1,400. అందులో ముప్పాతిక భాగం కండరాల్లో వేడిగా మిగిలిపోతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే మనిషి నిలవడు. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. అంటే ఇరవై కిలోమీటర్ల వేడికి లీటరున్నర పైన, రెండు లీటర్ల లోపు నీళ్ళు కావాలి. పరుగుకు ముందూ తర్వాతా తూకం వేసుకుంటే, తాగిన నీళ్ళు పోను, నేను కోల్పోతున్నదీ సరిగ్గా అంతే వచ్చింది. లెక్క సరిపోయిందని సంబరపడుతూనే, ఈ నీళ్ళు దారిలో ఎక్కడినుంచి తేవాలా అని ఆలోచనలో పడ్డాను.

ఆ రోజునుంచి దూరాన్ని చూసే పద్ధతే మారిపోయింది. కడప నుంచి ఒంటిమిట్ట కోదండరాముని గుడి దాకా పాతిక కిలోమీటర్లు అంటారు. నా మటుకు నాకు అది భాకరాపేట దగ్గర టీ కొట్టు, తర్వాత ఒక పెట్రోలు బంకులో కూలింగ్ నీళ్ళు, ఆ పైన ఒక తోట దగ్గర బోరు, మాధవరంలో ఒక చేనేత ఇంటి అరుగు మీది కుండ, చివరకు గుడి దగ్గర కొళాయి. వేసవైతే మధ్యలో ఒక చలివేంద్రం అదనం. తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు, దారానికి కట్టిన స్టీలు గ్లాసు. ఒకసారి ఆ బోరు దగ్గరికి పోయేసరికి కరెంటు లేదు. తోట కాపలా ఉన్న అవ్వ తన చెంబులోని నీళ్ళు సగం నాకిచ్చి, "బస్సు పోయిందా నాయనా?" అని జాలిగా అడిగింది. బస్సు పోలేదు, ఊరికే ఉరుకుతున్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. "ఔనవ్వా" అన్నాను.

లిఫ్టు ఇస్తామనేవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. కర్నూలు జిల్లాలోనైనా కడప జిల్లాలోనైనా రోడ్డు మీద ఉరికే మనిషి కనబడితే, రెండు మోటారు సైకిళ్ళలో ఒకటి ఆగుతుంది. "ఎక్కన్నా, దించుతా." వద్దంటే వాళ్ళ ముఖం చిన్నబోతుంది. ఒకాయన నా పక్కనే మెల్లగా బండి నడుపుతూ అర కిలోమీటరు వచ్చి, నా ఇబ్బంది ఏమిటో నయాన అడిగి తెలుసుకోవాలని చూశాడు. మారథాను అని చెబితే కాసేపాలోచించి, "ఎంతిస్తారు?" అన్నాడు. ఏమీ ఇవ్వరు, మనమే కట్టాలి అన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. లారీల రద్దీకి భయపడి ఆ మలుపుల్లో నేను రెండుసార్లు మాత్రమే, అదీ ఆదివారం చీకటితో ఎక్కాను. ఎక్కుడు సాధనకు అంతకంటె మంచి దారి ఆ చుట్టుపక్కల లేదు. చక్కెర జబ్బుకు భయపడి ఉరికేవాడికి ఘాటు దాటాక ఎదురయ్యేవి పాలకోవా దుకాణాలు! గువ్వలచెరువు కోవా రుచి ఎరిగినవారు నా అవస్థను అర్థం చేసుకోగలరు.

దారిలో నీళ్ళ సంగతి చదువుతూ పోతే 1904 నాటి సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ కంటబడింది. అమెరికాలో, ఆగస్టు ఎండలో, దుమ్ము లేచే మట్టిరోడ్ల మీద ఆ మారథాను జరిపారు. ముందు పోయే మోటారు కార్లు రేపిన దుమ్మంతా పరుగెత్తేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. నిర్వాహకుడు సల్లివాన్ దారిలో నీళ్ళు దొరికే చోట్లను ఒకటి రెండుకే పరిమితం చేశాడు. నీళ్ళు లేకపోతే మనిషి ఏమవుతాడో చూడాలని ఆయన కుతూహలం. 32 మంది బయలుదేరితే 14 మందే చేరారు. గెలిచిన థామస్ హిక్స్ దారిలో నీళ్ళడిగితే ఇవ్వకుండా, గుడ్డుసొన, బ్రాందీ, స్ట్రిక్నిన్ అనే విషపదార్థం కలిపి పట్టించారు. నీళ్ళుండి కూడా పరిశోధన కోసం నీళ్ళు ఆపిన ఆ మనిషిని ఒక్క ఎండాకాలం మా పత్తికొండ వైపు ఊళ్ళలో ఉంచి ఉంటే ఆ కుతూహలం తీరిపోయేదని నా నమ్మకం.

దీనికి రెండో కొస కూడా ఉంది. 2002 బోస్టన్ మారథానులో 488 మంది రక్తం పరీక్షించి, 2005 లో ఫలితం ప్రకటించారు. వారిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయింది. అవసరానికి మించి తాగడమే అందుకు ముఖ్యకారణం. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఉత్త నీళ్ళు అదేపనిగా తాగితే ప్రమాదమే. మా అమ్మ పొలానికి పంపే మజ్జిగలో ఉప్పు వేసి, పైన నిమ్మకాయ పిండేది. నా నడుము పట్టీలో ఉండే సీసాలో ఇప్పుడు ఉండేదీ అదే, మజ్జిగ తీసేసి.

పూర్తి మారథాను 2022 ఆగస్టు 28 న, హైదరాబాదులో పరుగెత్తాను. చీకటి ఉండగానే బయలుదేరాం. ఇరవై కిలోమీటర్ల దాకా పెద్దగా చెప్పవలసిందేమీ లేదు. దుర్గం చెరువు మీది తీగల వంతెన మీద గాలి బాగుంది. ముప్ఫై రెండు దాటాక కాళ్ళు నావి కాకుండా పోయాయి. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న గ్లైకోజెన్ ఆ దరిదాపుల్లో అడుగంటుతుందని చదివి ఉన్నాను. చదవడం వేరు. పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూర్చుంటే ఒక కాలేజీ పిల్ల పరుగెత్తుకొచ్చి స్ప్రే కొట్టింది. లేచి నడిచాను, కొంత ఉరికాను, మళ్ళీ నడిచాను. అయిదు గంటల ఇరవై నాలుగు నిముషాలకు స్టేడియంలో అడుగుపెట్టాను. ఏడుపు వచ్చింది. అక్కడ చాలామందికి వస్తోంది కనుక సిగ్గనిపించలేదు.

పతకంతో, ఫొటోలతో కర్నూలు వెళ్ళాను. నాయన మంచం మీద కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుని ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. పతకం ఉన్న ఫొటో దగ్గర ఆగలేదు. నేను పరుగెత్తుతుండగా ఎవరో తీసిన మరో ఫొటో దగ్గర ఆగి, వేళ్ళతో పెద్దది చేయమన్నాడు. నా వెనక, నీళ్ళిచ్చే బల్ల దాటిన తర్వాత, రోడ్డంతా ప్లాస్టిక్ సీసాలు, గ్లాసులు.

"ఇవి తాగినవా, తాగనివా?"

"సగం తాగినవి నాయనా. ఉరుకుతా ఉరుకుతా అంతా తాగలేరు."

"మిగతా సగం?"

నేను ఏమీ అనలేదు. ఆయన ఫోను నా చేతికిచ్చేశాడు. "మనం తూము అర్ధగంట ఎక్కువ తెరిస్తే మెమో ఇచ్చినారు" అని మాత్రం అన్నాడు, చాలాసేపటి తర్వాత.

ఆయన కోపం నా మీద కాదని తెలుసు. ఆ నీళ్ళ బల్ల దగ్గర నిలబడ్డ పిల్లలు తెల్లవారకముందే లేచి వచ్చి, పేరు తెలియని వేలమందికి ఉత్సాహంగా సీసాలు అందించినవారు. వాళ్ళు లేకుంటే నేను ముప్ఫై రెండో కిలోమీటరు దాకా కూడా వచ్చేవాణ్ణి కాను. అయినా చివరి తూము కింద, కాలువ చిట్టచివర, నీళ్ళు అందక గొడవపడే రైతులకు ముప్ఫై ఏళ్ళు సమాధానం చెప్పిన మనిషికి ఆ ఫొటోలో ఇంకేదైనా కనబడుతుందని నేనెలా అనుకోగలను? 2009 అక్టోబరు 2 న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచినప్పుడు మేడ మీద కూర్చుని, చుట్టూ నీళ్ళుండగా తాగడానికి ఒక బిందెను పదకొండు మంది పంచుకున్న ఇల్లు మాది. గ్లాసులో నీళ్ళు మిగిల్చి లేచినవాడిని ఆయన ఈనాటికీ వెనక్కు పిలుస్తాడు.

2024 జనవరి 21 న ముంబయిలో రెండో పూర్తి మారథాను. కడప, ముంబయి-చెన్నై రైలుదారిలో ఉండటం వల్ల ప్రయాణం సుఖమే. పరుగే కొత్తగా ఉంది. సముద్రపు గాలిలో చెమట ఆరదు. చొక్కా తడిసి, బూట్లు తడిసి, అడుగు వేస్తే చప్పుడు. చెమట కారిపోవడమే తప్ప ఆవిరి కాకపోతే ఒళ్ళు చల్లబడదని అక్కడ చర్మంతో తెలుసుకున్నాను. పెడర్ రోడ్డు ఎక్కుడు చివర్లో వస్తుంది, అందుకే అంత పేరు. ఆ వీధుల్లో చిన్నపిల్లలు బిస్కెట్లు, నారింజ తొనలు పట్టుకొని నిలబడతారు. 5 గంటల 2 నిముషాలు. నీళ్ళ సీసాలు మాత్రం ఈసారి ఎక్కడ తీసుకుంటే అక్కడే ఆగి పూర్తిగా తాగాను, లేదా చేతిలో పట్టుకొని పోయాను. లెక్క చూసుకుంటే ఇందువల్ల ఆరేడు నిముషాలు పోయి ఉంటాయి.

ఇంటికొచ్చి ఆ మాట నాయనతో అనలేదు. ఆయనే ఒక రోజు, ఏదో ఆలోచిస్తూ, "కట్ట మీద ఉరకరాదా? నీడ ఉంటాది, లారీలు ఉండవు" అన్నాడు. ఆ తర్వాత మంచం మీద కూర్చునే కాలువ మొత్తం వర్ణించాడు. తన బీటు నాలుగు మైళ్ళే అయినా పైవాళ్ళ బీట్లు, కిందివాళ్ళ బీట్లు అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఏ తూము దగ్గర వేపచెట్టు, ఏ వంతెన పక్కన బావి, ఏ ఊరివాళ్ళు అడిగితే మజ్జిగ ఇస్తారు, ఎక్కడ కుక్కలు. అన్నీ మైళ్ళలోనే చెప్పాడు. నేను కిలోమీటర్లలోకి మార్చుకొని రాసుకున్నాను.

306 కిలోమీటర్లు. మారథాన్ల లెక్కన ఏడూ పావు. ఒకేసారి పరుగెత్తే శక్తి నాకు లేదు. నెలకొక ఆదివారం ఇరవై, పాతిక కిలోమీటర్ల చొప్పున, ఆగిన చోటినుంచే మళ్ళీ మొదలుపెడుతూ పోతున్నాను. సుంకేశుల నుంచి కర్నూలు ఒక విడతకు మించింది, రెండు చేశాను. కొన్నిచోట్ల కట్ట మీద ముళ్ళకంపలు, కొన్నిచోట్ల సిమెంటు రోడ్డు. నాయన చెప్పిన బావుల్లో ఇప్పటికి నాలుగింటిని వెతికాను. రెండు పూడిపోయాయి, ఒకదాని మీద ఇల్లు లేచింది, ఒకదానిలో నీళ్ళున్నాయి కానీ చేదుకోవడానికి గిలక లేదు. పక్క చేనులో గొర్రెలు మేపుతున్న ఆయన తన క్యాను ఇచ్చాడు.

నంద్యాల ఇంకా చేరలేదు. ప్రతి విడత ముగిశాక ఫోను చేస్తాను. ఎంతసేపు పట్టిందని నాయన అడగడు. "కాలువలో నీళ్ళెంత ఎత్తున్నాయి?" అంటాడు. అందుకని ఆగిన చోట ముందు మెట్లు దిగి, గోడ మీద గీసిన కొలత చూసి, అప్పుడు ఫోను చేస్తున్నాను. పోయిన విడతలో రెండడుగుల మూడంగుళాలు. "తక్కువే వదిలినారు" అని, ఇంకెవరికో చెప్పాలన్నట్టు ఫోను పెట్టేశాడు.